రెండు కొండల బూట్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ మాటలు మానేశారు. దానివల్ల వాళ్ళకు పెద్ద నష్టమేమీ కలగలేదు గాని, మా తోటికోడలికీ నాకూ పని రెట్టింపయింది.

"వాడితో చెప్పు, సన్న మేకులు అయిపోయాయని," అనేవారు బావగారు తన భార్యతో. మా ఆయన అదే బల్లకు ఆ చివర కూర్చుని ఉండేవారు.

అక్క (తోటికోడల్ని నేను అలాగే పిలుస్తాను) మా ఆయన వైపు తిరిగి, "మరిదిగారూ, సన్న మేకులు అయిపోయాయట," అనేది, రేడియోలో వార్తలు చదివినట్టు.

మా ఆయన నా వైపు తిరిగేవారు. "కావలసినవాళ్ళు కొనుక్కోవాలని చెప్పు. నేను వాడేవి లావు మేకులు."

నేను నోరు తెరిచేసరికే బావగారి మొహం ఎర్రబడి ఉండేది. అయినా పద్ధతి పద్ధతే. నేను ఆ మాట మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి, ఆయన అప్పుడే విన్నట్టు వినాలి.

మాది బూట్లు కుట్టే ఇల్లు. వీధి వైపు అద్దాల కిటికీ ఉన్న ముందు గదిలో దుకాణం, వెనక గదిలో పని, మేడ మీద మా రెండు కాపురాలు, అందరికీ కలిపి ఒకే వంటిల్లు. పైతోలు కత్తిరించి కుట్టేది బావగారు. దానికి సోలు బిగించి కుట్టేది మా ఆయన. ఊరి నెత్తిన పక్కపక్కనే రెండు పెద్ద శిఖరాలు ఉండడం వల్ల ఎండాకాలమంతా కొండలెక్కేవాళ్ళు వస్తూనే ఉంటారు. మా బూట్లు వాళ్ళకోసమే.

గొడవ జిగురు దగ్గర వచ్చింది. సోలు కుట్టకుండా కొత్త రకం జిగురుతో అంటించేయవచ్చని బావగారు ఎక్కడో చూసి వచ్చారు.

"అంటించడానికి అవేమన్నా పోస్టు కవర్లా?" అన్నారు మా ఆయన.

"నువ్వు ఒక్క సోలు కుట్టేలోపు అవతలివాడు దుకాణం కట్టేసి, ఇంటికెళ్ళి, భోంచేసి, ఓ కునుకు కూడా తీస్తాడురా."

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సోలు వెయ్యడం ఏమంత విద్య అని ఒకరు, తోలు కత్తిరించడానికి కత్తెర ఉంటే చాలదా అని ఇంకొకరు అనుకున్నారు. నీ సగం లేకుండా బూటు మొత్తం నేనే చేసుకోగలను అంటే నేనూ చేసుకోగలను అనుకున్నారు. వారం తిరిగేసరికి దుకాణాలు వేరుపడాలని నిశ్చయమైపోయింది. కానీ అద్దాల కిటికీ ఉన్న ముందు గది ఒక్కటే. అది దక్కనివాళ్ళు బస్టాండు అవతల ఇల్లు అద్దెకు తీసుకుని, పనిముట్లతో, పెళ్ళాంపిల్లలతో అక్కడికి వెళ్ళాలి.

"ముందు గదిని చెరి సగం చెయ్యడానికి అదేం రొట్టె కాదు," అంది మా అత్తయ్య. "కొండలే తేలుస్తాయి."

మా ఊళ్ళో బూట్లు కుట్టేవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. కొత్త రకం బూటు ఏది చేసినా అది ఒకే రోజులో రెండు శిఖరాలూ ఎక్కి దిగాలి. ముందు మంచుకొండ, అక్కడ కరిగే మంచులోనూ వాగుల్లోనూ తోలు తడిసి ముద్దవుతుంది. ఆరే వ్యవధి ఇవ్వకుండా వెంటనే రాతికొండ ఎక్కాలి, అక్కడ రాయి దాన్ని గీకి చూస్తుంది. రెండూ తట్టుకుంటే దాన్ని 'రెండు కొండల బూటు' అంటారు. మట్టి కూడా తుడవకుండా తెచ్చి కిటికీలో పెడతారు. చేసినవాడు తన బూటును తానే పరీక్షించకూడదు. మామూలుగా ఏ గైడో వేసుకెళ్ళేవాడు. ఈసారి ఊళ్ళో ఉన్న గైడ్లందరికీ ఒకేసారి నడుము నొప్పులు వచ్చాయి. అన్నదమ్ముల మధ్య కాలు పెట్టకూడదని వాళ్ళకు బాగా తెలుసు.

"సరే, కోడళ్ళు నడుస్తారు," అంది అత్తయ్య. "ఎవరి మొగుడు చేసింది వాళ్ళు వేసుకుని."

"నేనా? నేను మేడ మెట్లెక్కితేనే మధ్యలో ఓసారి కూర్చుంటానత్తయ్యా!" అంది అక్క.

"కొండ మీద కూడా కూర్చో. ఎవరొద్దన్నారు?"

అప్పటి నుంచి అక్కా నేనూ రోజూ పొద్దున్నే ఊరి వెనక గుట్ట ఎక్కి దిగడం మొదలుపెట్టాం. ఇంట్లో మా పాదాల కొలతలు తీశారు. మా ఆయన నా పాదాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి అంత శ్రద్ధగా చూడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అక్కకు ఎడమ పాదం కుడిదానికన్నా కాస్త పెద్దదని బావగారు తేల్చారు. ఆవిడకు చాలా కోపం వచ్చింది. "ఇన్నేళ్ళు కాపురం చేసి ఇప్పుడు చెబుతున్నారు," అంటూ రెండు రోజులు ఆయనకు టీ చల్లగా ఇచ్చింది.

ఎవరు వెళ్ళాల్సి వచ్చినా సిద్ధంగా ఉండాలని అత్తయ్య వంటింటి సామాను ముందే పంచుకోమంది. ఒక మధ్యాహ్నం అక్కా నేనూ గిన్నెలన్నీ నేల మీద పరిచి కూర్చున్నాం. నేను వాటిని వరసగా, పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరుస్తున్నాను. దుప్పటి మడతలో అంచులు కలవకపోతే విప్పి మళ్ళీ మడతపెట్టే మనిషిని నేను.

"ఈ పెద్ద గిన్నె నువ్వు తీసుకో. దీని మూత నేను తీసుకుంటా," అంది అక్క.

"మూత లేకుండా నేనేం చేసుకోను?"

"మూత మాత్రం నేనేం చేసుకుంటాను? ఏదన్నా వండాలంటే నువ్వు గిన్నె పట్టుకుని మా ఇంటికి రావాలి."

ఇద్దరం నవ్వాం. తర్వాత అక్క లేచి, సర్దాల్సింది ఏమీ లేని అలమర సర్దుతూ, అటు తిరిగి చాలాసేపు నిలబడింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆవిడ లేకుండా ఒక్కసారీ పొయ్యి వెలిగించలేదు. బస్టాండు అంత దూరమేమీ కాదు. కానీ పప్పు మాడుతుంటే మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి చాచి దించేసే మనిషి బస్టాండు అవతల ఉంటే ఏం లాభం?

"ఒక పని చేద్దామా?" అంది అటు తిరిగే. "ఇద్దరివీ నిలిచాయని చెప్పేద్దాం. లేదా ఇద్దరివీ ఓడాయని. ఏదో ఒకటి. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"ఆ బూట్లు కిటికీలో పెడతారక్కా. వాటిని నమ్మి ఎవరో కొనుక్కుని కొండెక్కుతారు. మంచులో సోలు ఊడితే?"

అక్క నిట్టూర్చింది. "నీతో దొంగతనానికి వెళ్ళకూడదు. ఇంటివాళ్ళని లేపి, తాళం ఎక్కడ తీశామో చెప్పి మరీ వస్తావు."

*

తెల్లవారకముందే పాలవాడి వ్యాన్లో కొండ కిందికి చేరాం. అన్నదమ్ములిద్దరూ గుమ్మం దాకా వచ్చి సాగనంపారు, గుమ్మానికి చెరో వైపు నిలబడి. బావగారి బూట్లు చూడముచ్చటగా ఉన్నాయి. పైతోలు నిగనిగలాడుతోంది, కుట్టు గీత గీసినట్టుంది. మా ఆయనవి అంత అందంగా లేవు. ముక్కు కాస్త బుంగగా ఉంది. కానీ సోలు మాత్రం, కత్తి పెట్టినా రాదు.

"కాళ్ళు జాగ్రత్త," అన్నారు మా ఆయన. చూపంతా బూట్ల మీదే ఉంది.

మంచుకొండ నేను అనుకున్నదానికన్నా మంచిది. దారి మెల్లగా ఎక్కుతుంది. వాగులు మాత్రం ఎక్కువ. ఒక్కోచోట కరుగుతున్న మంచు చీలమండల దాకా వచ్చింది. అక్క మొదటి వాగు దాకా ఆయాసపడింది, రెండో వాగు దగ్గర కబుర్లు మొదలుపెట్టింది, శిఖరం చేరే ముందు నాకన్నా ముందు నడుస్తోంది. గుట్ట మీద రోజూ కూర్చున్న మనిషేనా అని ఆశ్చర్యపోయాను.

పైన గాలికి చీర కొంగులు నడుముకు దోపుకుని నిలబడ్డాం. ఊరు కింద పరిచిన చేతిరుమాలంత ఉంది. మా ఇంటి కప్పు ఎక్కడో వెతుకుతుంటే, అక్క రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని లోయలోకి గట్టిగా అరిచింది.

"మరిదిగారూ! సన్న మేకులు అయిపోయాయట!"

ఎదురుగా ఉన్న రాతికొండ ఆ మాట తిరిగి మాకే చెప్పింది. నవ్వు ఆపుకోలేక నేను కింద కూర్చున్నాను. ఉడికించిన గుడ్లు, రొట్టె తిన్నాం. లేచేటప్పుడు నా మడమల దగ్గర ఏదో మంటగా అనిపించింది. పట్టించుకోలేదు.

రెండు శిఖరాల మధ్య గుర్రం జీనులా వంగిన చదును ఒకటి ఉంది. అక్కడికి దిగుతుంటే వెనక నుంచి చప్, చప్ అని చప్పుడు మొదలైంది.

"నీకేమన్నా వినిపిస్తోందా?" అంది అక్క.

"వినిపిస్తోంది."

"వినిపించడం లేదని చెబుతావేమో అనుకున్నా."

చదును చేరాక ఒక రాతి మీద కూర్చుని ఎడమ కాలు చాచింది. బూటు ముక్కు దగ్గర సోలు విడిపోయి, నోరు తెరుచుకుని ఉంది. అక్క వేళ్ళు కదిపితే అదీ నోరు కదుపుతోంది. "చూడు, మీ బావగారు ఏదో చెబుతున్నారు," అంది. కుడి కాలిది మాత్రం అతికిన చోట గీత కూడా కనపడకుండా ఉంది.

అప్పుడే ఒక గైడు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని అటు వచ్చాడు. మమ్మల్ని గుర్తుపట్టి, కిందికి చూడకుండా, ఆకాశంలో ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టు మొహం పైకెత్తి మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

ఆ చదును నుంచి తిన్నగా రోడ్డుకు దిగే దారి ఒకటి ఉంది. ఇటువైపు రాతికొండ. అక్క ఆ దారి వైపు చూసింది.

"సరే. నేనిటు దిగిపోతాను. నువ్వెళ్ళు. ముందు గది మీది." తర్వాత, "పెద్ద గిన్నె మాత్రం నేను తీసుకుపోతా," అంది. ఈసారి నవ్వు సరిగ్గా రాలేదు.

నేను ఆవిడ పక్కన కూర్చుని నా బూట్లు విప్పాను. సాక్సు మడమ దగ్గర అంటుకుపోయింది. మెల్లగా లాగితే కింద రెండు మడమలకూ బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి.

"అయ్యయ్యో! ఇంతసేపూ చెప్పవేం?"

"ఇది చూడు ముందు." బూటు మడమను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. పొద్దున బిర్రుగా ఉన్న తోలు ఇప్పుడు పాత సంచిలా సాగింది. లోపల నా పాదంతో పాటు ఇంకో చిన్న పాదం కూడా పడుతుంది. "సోలు గట్టిగా ఉంది. పైతోలు నిలబడలేదు. నాదీ ఓడిపోయింది."

"బొబ్బలు కాలి తప్పు. బూటు తప్పు కాదు. నువ్వు నడవగలవు కదా? నడిస్తే గెలిచినట్టే."

"నేను నడిస్తే నా కాలు గెలిచినట్టు. బూటు కాదు."

అక్క నా మొహంలోకి చూసింది. అబద్ధం ఎక్కడన్నా దాచానేమోనని వెతికినట్టు చూసింది. నేను దాయలేదు. మా ఆయన చేసిన బూటు అలా సాగడం నాకు కష్టంగానే ఉంది. కానీ సాగిన తోలును సాగలేదనడం నాకు చేతకాదు.

"అయితే పరీక్ష అయిపోయినట్టే," అంది అక్క.

"అయిపోయినట్టే."

ఇద్దరం లేవలేదు. రాతికొండ మీద మధ్యాహ్నపు ఎండ పడి, రాళ్ళు మెరుస్తున్నాయి. ఆ కొండను పెళ్ళయిన నాటి నుంచి వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అటువైపు ఏముందో ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కడిదాకా వచ్చాం కదా," అన్నాను.

"నేనూ అదే అందామనుకుంటున్నా," అంది అక్క. "నువ్వు అంటే బాగుంటుందని ఆగాను."

భుజానికి తగిలించుకున్న సంచి పట్టీ విప్పి ఆవిడ ఎడమ బూటును ముక్కు దగ్గర గట్టిగా కట్టాను. రెండుసార్లు కట్టాల్సి వచ్చింది, మొదటి ముడి నాకు నచ్చలేదు. ఆవిడ తన చేతిరుమాలు రెండుగా చింపి నా మడమల వెనక కూరింది. పరీక్షా లేదు, పందెమూ లేదు. ఎవరి మొగుడూ లేడు. ఆ రాళ్ళ మీద చేతులూ మోకాళ్ళూ వాడుకుంటూ ఎక్కాం. ఒకచోట దారి గోడ పక్కన పళ్ళెం అంచులా సన్నబడింది. అక్క అక్కడ బిగుసుకుపోయింది.

"కిందికి చూడకక్కా. నన్ను చూడు."

"నిన్ను చూస్తే ఇంకా భయం. నీ జుట్టు చూశావా ఎలా ఉందో?"

"మాట్లాడుతున్నావుగా, కాలు కూడా కదుపు."

"మాట్లాడటం నాకు అలవాటు. ఇది అలవాటు లేదు." కదిపింది. ఆ అంచు దాటేదాకా నోరు మూయలేదు. దాటాక మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు, పైకి చేరేదాకా.

పైన అటువైపు ఇంకో లోయ, దానికి అవతల కొండలు, వాటికి అవతల ఇంకా కొండలు. మా ఇంటి కిటికీలోంచి ఇవేవీ కనపడవు. అక్క కట్టు కట్టిన కాలు చాచుకుని చాలాసేపు చూసింది. "ఇన్నున్నాయని ఎవరూ చెప్పలేదు," అంది, కాస్త ఫిర్యాదుగా.

*

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరాం. గుమ్మంలో అన్నదమ్ములిద్దరూ పొద్దున నిలబడ్డ చోటే, చెరో వైపు ఉన్నారు. ఇద్దరి చూపూ ముందు మా కాళ్ళ మీదే పడింది. మొహాలు చూడ్డం తర్వాత గుర్తొచ్చింది.

వెనక గదిలో బల్ల మీద నాలుగు బూట్లూ పెట్టాం. జరిగింది జరిగినట్టు నేను చెప్పాను. అక్క మధ్యలో అందుకోకుండా విన్నది, అదే ఒక వింత. అత్తయ్య మా కాళ్ళు వేడినీళ్ళ తొట్టిలో పెట్టించి, తను స్టూలు మీద కూర్చుంది.

మా ఆయన అక్క ఎడమ బూటు అందుకున్నారు. విడిపోయిన అంచు మీద వేలు రాసి, వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"నూనె," అన్నారు.

ఆ మాట చేరవేయాలేమోనని నేను బావగారి వైపు తిరిగాను. నా అవసరం రాలేదు.

"అన్నయ్యా, జిగురు పెట్టకముందే నూనె పట్టించావా?"

"పట్టించకుండా ఎలా ఉంటాను? తోలు నా చేతికొస్తే నూనె పట్టించడం అలవాటు."

"అంచు దాకానా? నూనె మీద జిగురు ఎలా పడుతుంది? మరి కుడిది?"

బావగారు కాస్త తటపటాయించారు. "కుడిదాని దగ్గరికొచ్చేసరికి నూనె డబ్బా అడుగంటింది." ఈలోగా ఆయన నా బూటు తిప్పి చూస్తున్నారు. మడమ పట్టుకుని లాగి, వదిలి, మళ్ళీ లాగారు. ఆయన మొహంలో కోపం లేదు, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. "ఒరేయ్, ఇది పొట్ట భాగం తోలు. పైగా నానబెట్టి కుట్టావా?"

"సోలు నానబెట్టకుండా ఎప్పుడైనా కుట్టానా?"

"ఇది సోలు కాదురా! సోలు నానబెడితే బిగుస్తుంది. పైతోలు నానబెడితే సాగుతుంది. వీపు తోలు ఇంత పెట్టుకుని పొట్ట తోలెందుకు తీశావు?"

"మెత్తగా ఉంది కదా, కాలికి సుఖంగా ఉంటుందని."

"మొదట్లో సుఖంగానే ఉంది," అన్నాను తొట్టిలోంచి. ఎవరికీ వినపడలేదు.

మా ఆయన అక్క కుడి బూటు తీసుకుని, తోలుకు చిల్లులు పొడిచే ఆరెతో సోలు అంచు పైకి లేపబోయారు. లేవలేదు. బల్ల అంచుకు ఆనించి మళ్ళీ ప్రయత్నించారు. మొహం ఎర్రబడింది గాని సోలు కదలలేదు. బూటు కింద పెట్టారు.

"పట్టిన చోట గట్టిగానే పట్టింది," అన్నారు చివరికి. ఆ మాట ఆయన గొంతులోంచి బయటికి రావడానికి రెండు కొండలు దిగినంత సేపు పట్టింది.

"చెప్పాను కదరా."

"ముందు అంటించి, దానిమీద కుడితే?"

బావగారు డ్రాయరు లాగి సుద్దముక్క తీసి, బల్ల మీదే ఏదో గీయడం మొదలుపెట్టారు. మా ఆయన కుర్చీ ఆ చివర నుంచి ఈ చివరకు ఈడ్చుకొచ్చారు.

"ముందు గది సంగతేంట్రా మరి?" అంది అత్తయ్య.

"ఏ ముందు గది?" అన్నారు బావగారు తల ఎత్తకుండా. "అమ్మా, ఆ దీపం కాస్త ఇటు జరుపు."

అత్తయ్య దీపం జరిపింది. మా ఇద్దరి వైపూ చూసి, చెంగుతో నోరు తుడుచుకుంది. నవ్వు తుడుచుకుందనే నేననుకుంటాను. అక్క తొట్టి నీళ్ళలో కాలివేళ్ళు ఆడిస్తూ నాతో గుసగుసగా, "మన కాళ్ళెలా ఉన్నాయని ఎవరన్నా అడిగారా?" అంది.

"నువ్వు నన్నడిగావుగా, చదును మీద."

"అదీ నిజమే," అంది.

వానలు మొదలయ్యే ముందు మళ్ళీ వెళ్ళాం. ఈసారి వ్యాన్లో అన్నదమ్ములిద్దరూ కూడా వచ్చారు, కొండ మొదలుదాకా. మా కాళ్ళకు కొత్త జతలు ఉన్నాయి, ఏ సగం ఎవరు చేశారో వాళ్ళకే తెలియనంతగా కొట్టుకుని చేసినవి. దారి మొదట్లో ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని లేసులు బిగించారు, విప్పారు, మళ్ళీ బిగించారు. మాకు విసుగొచ్చి నడక మొదలుపెట్టాం. మొదటి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి ఇద్దరి గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపించాయి.

"ఏమంటున్నారు?" అంది అక్క.

నేను ఆగి చెవి పెట్టాను. "మడమ ముందు ఆనించమంటున్నారు ఒకరు. కాదు, మునివేళ్ళు ముందంటున్నారు ఇంకొకరు."

"ఎవరు ఏదన్నారు?"

"తెలియలేదు. ఇద్దరూ ఒకరితో ఒకరే చెప్పుకుంటున్నారు."

"అయితే మనతో పని లేదు," అని అక్క వాగు వైపు నడిచింది.